వాడి చూసినవారు

మొదటి ప్యానెల్ మెట్ల మలుపు తిరిగేసరికి ఆ అమ్మాయి అక్కడ కూర్చుని ఉంది.

అవి షాపు వెనక మెట్లు. సరుకు ఎక్కించే మెట్లు. రెండు పక్కలా అట్టపెట్టెలు పేర్చేసి ఉన్నాయి. మధ్యలో ఒక మనిషి నడిచే దారి మిగిలింది. ఆ దారిలోనే ఒక మెట్టు మీద గోడవైపు తిరిగి కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. షాపులో పనిచేసేవాళ్ళు వేసుకునే నీలం కోటు ఆమె ఒంటి మీద ఉంది. పై మెట్టు మీద ఒక పెద్దావిడ తువ్వాలుని రెండు చేతులతో తెరలా పట్టుకుని నిలబడింది.

ప్యానెల్ ఎనిమిదడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. లిఫ్టులో పట్టదు. పై కొస పెద్దమేస్త్రి బావమరిది పట్టుకుని వెనక్కి వెనక్కి ఎక్కుతున్నాడు. ఎప్పుడూ మోగుతూనే ఉంటాడని పనివాళ్ళు అతనికి రేడియో అని పేరు పెట్టారు. వెనక ఎవరున్నారో అతనికి కనపడదు. కింద కొస మోస్తున్న పెద్దమేస్త్రికి కనపడింది. ఆయన నోరు తెరిచేలోపే రేడియో అలవాటు కొద్దీ, జరగాలి జరగాలి, బరువు బరువు, అని కేక పెట్టాడు.

ఆ అమ్మాయి గబుక్కున లేచింది. నోట్లోది జారిపోయి బిడ్డ గుక్కపట్టింది. అమ్మాయి కోటు దగ్గరికి లాక్కుని, అట్టపెట్టెలకు అతుక్కుపోయి, వాళ్ళకి దారి ఇచ్చింది. ప్యానెల్ ఆమె మోచేతిని రాసుకుంటూ వెళ్ళింది.

పెద్దమేస్త్రికి ఆ ప్యానెళ్ళు ఎందుకో తెలుసు. మూడో అంతస్తులో, పిల్లల బట్టల పక్కన, తల్లులు బిడ్డలకు పాలిచ్చుకోవడానికి గది. ఇటుకా సిమెంటూ లేకుండా, వర్క్‌షాపులో కోసి తెచ్చి, ఇక్కడ బోల్టులు బిగించి నిలబెట్టే గది. పది ప్యానెళ్ళు ఎక్కించాలి. అంటే పదిసార్లు.

రెండోసారీ ఆమె లేచింది. బిడ్డ మళ్ళీ ఏడ్చింది. మూడో ప్యానెల్‌ని పెద్దమేస్త్రి ఒక అంతస్తు కిందే ఆపి, గోడకి ఆనించి, మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏమైంది బావా?" అన్నాడు రేడియో.

"అలుపు."

రేడియో ఆయన మొహంలోకి వంగి చూశాడు. "నీకు ఒంట్లో బాగానే ఉందా? మా అక్కని నీకిచ్చి చేసినప్పటినుంచి చూస్తున్నా, ఆ మాట నీ నోట వినలేదు. పోనీ డాక్టరు దగ్గరికి పోదామా?"

పెద్దమేస్త్రి పై మెట్ల వైపు చెవి పెట్టాడు. రేడియో కూడా కూర్చుని, తనకి తెలిసిన డాక్టర్లందరి గురించీ చెప్పడం మొదలుపెట్టాడు. అందులో ముగ్గురి సంగతి అయ్యేసరికి పైనుంచి మెల్లగా చెప్పుల చప్పుడు వినిపించింది. పెద్దావిడ దిగి వస్తోంది. బిడ్డ ఆమె భుజం మీద నిద్రపోతోంది. దారికి అడ్డంగా కూర్చున్నాం, ఏమీ అనుకోకండి నాయనా, అంది.

ఆయన లేచి ప్యానెల్‌ని గోడకి ఇంకా దగ్గరికి నొక్కాడు. ఆవిడ దిగి వెళ్ళేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

పైన ఫ్లోర్ మేనేజరు వాళ్ళకోసం ఎదురుచూస్తున్నాడు. సన్నటి మనిషి. చెవిలో ఎప్పుడూ ఒక వైరు. ఒక్కొక్కటే చెప్పాడు. నేల పలకలకి రంధ్రం పెట్టకూడదు. పొడి రాలకూడదు. పది గంటలకి షాపు తెరిచాక డ్రిల్లు తిప్పకూడదు. శనివారం మధ్యాహ్నానికి కాగితాల మీద సంతకాలు అయిపోవాలి, ఎందుకంటే సాయంత్రం పై ఆఫీసు వాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకుంటారు. పెద్దమేస్త్రి తల ఊపాడు. రేడియో అన్నిటికీ సరే సార్ అన్నాడు.

వెళ్తూ వెళ్తూ మేనేజరు పిల్లల బట్టల కౌంటర్ దగ్గర ఆగాడు. మెట్ల మీది అమ్మాయి ఆ కౌంటర్‌దే. అగ్నిమాపక శాఖ వాళ్ళు చూసి వెళ్ళారట. శనివారం నుంచి వెనక మెట్లు ఖాళీగా ఉండాలి, పెట్టెలూ ఉండకూడదు, మనుషులూ కూర్చోకూడదు, అన్నాడు. ఆ అమ్మాయి గది వైపు చూసి మెల్లగా ఏదో అడిగింది. అది కొనేవాళ్ళకమ్మా, స్టాఫ్‌కి కాదని పైనుంచే కాగితం వచ్చింది, నేనేం చెయ్యను, అన్నాడాయన. కోపంగా అనలేదు. నేలని చూస్తూ అన్నాడు.

పెద్దమేస్త్రి నేల మీద మోకాళ్ళు వేసి, ప్యానెళ్ళు కూర్చోబెట్టే అల్యూమినియం పట్టీ కింద రబ్బరు అతికిస్తున్నాడు. తల ఎత్తలేదు. ఆ అమ్మాయి చేతిలో వేలెడంత చొక్కా ఒకటి ఉంది. దాన్ని మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

సాయంత్రం లోపల రేడియో ఆ అమ్మాయి సంగతంతా లాగేశాడు. బండరాయి దగ్గర కూర్చోబెట్టినా ఊరి కబుర్లు రాబట్టగలడు. ఇల్లు రెండు బస్సుల దూరం. బిడ్డకి నాలుగో నెల, ఆడపిల్ల. సీసా నోట్లో పెడితే తుపుక్కున ఊసేస్తుంది. అందుకే అత్తగారు రోజూ మధ్యాహ్నం బిడ్డని ఎత్తుకొస్తుంది. మెట్లు పోతే ఉద్యోగమూ పోయినట్టే. శనివారం ఆఖరి రోజని ఇంట్లో చెప్పేసుకుందట.

"ఎదురుగా పాలగది కడుతుంటే ఆ పిల్ల ఉద్యోగం మానుకోవడం ఏంటి బావా?" అన్నాడు.

పెద్దమేస్త్రి స్పానర్లు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

రెండో రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా గోడలు లేచాయి. ఒక ప్యానెల్ అంచు ఇంకో ప్యానెల్ గాడిలో కూర్చుంటుంది. అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే చాలు. మూలల్లో బోల్టు బిగిస్తే కదలదు. పెద్దమేస్త్రి ప్రతి మూలా రసమట్టం పెట్టి, అందులో బుడగ నడిమధ్యకి వచ్చేదాకా కదిలించాడు.

డ్రాయింగులో ఉన్నట్టే కట్టారు. ఆరడుగుల చదరం. మధ్యలో ఒక అడ్డగోడ. రెండు చిన్న గదులు, రెండు తలుపులు. నిజానికి వాళ్ళ వర్క్‌షాపులో ఏళ్ళ తరబడి కట్టేది వాచ్‌మన్ కేబిన్లు. ఒక మనిషి కూర్చునే గది కావాలని ఆర్డరు వస్తే యజమాని ఆ కేబిన్ల కొలతలే తీసి ఇచ్చాడు. మూడడుగుల వెడల్పు. తలుపుకి ఎదురుగా బల్ల, వచ్చేవాడు కనపడాలని. బల్ల ఎత్తు ఇరవై అంగుళాలు, చప్పున లేవాలని. తలుపులో నిలువుగా అద్దం ముక్క. గడియ తలుపు నెత్తిన. ఎవరికీ ఏమీ తేడా అనిపించలేదు. చేతులు అలవాటైన దారినే పోయాయి.

రేడియో వెళ్ళి బల్ల మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు. "నా ఒళ్ళు పట్టిందంటే ఇంక ఎవరి ఒళ్ళైనా పడుతుంది బావా."

పెద్దమేస్త్రి బయట నిలబడి చాలాసేపు చూశాడు. బావమరిది రెండు మోచేతులూ ఒంటికి ఆనుకుని ఉన్నాయి. నిన్న మెట్ల మీద ఆ అమ్మాయి మోచెయ్యి అలా లేదు. బయటికి వచ్చి ఉంది. తన ప్యానెల్ రాసుకున్నది ఆ మోచేతికే.

ఆయన పిల్లల బట్టల కౌంటర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తనంతట తాను మాట మొదలుపెట్టడం ఆయనకి అలవాటు లేదు. గొంతు సవరించుకున్నాడు. టోపీలు వేలాడదీసిన కడ్డీ వైపు చూశాడు.

"మనవడికా బాబాయ్? ఏ సైజు కావాలి?" అంది ఆ అమ్మాయి.

"సైజు కోసమే వచ్చా తల్లీ. ఒకసారి వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటావా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. స్టాఫ్ అందులోకి వెళ్ళకూడదంది. పెద్దమేస్త్రి కాసేపు ఆలోచించాడు. అప్పగించేదాకా అది షాపు గది కాదు, మా కంపెనీ గది, అన్నాడు. అంత పొడుగు మాట ఆయన ఆ వారంలో ఆడలేదు. ఆమె మేనేజరు కోసం అటూ ఇటూ చూసి, కౌంటర్ మీది తువ్వాళ్ళు నాలుగు చుట్టచుట్టి, మూటని ఎత్తుకుని వచ్చింది.

కూర్చుంది. మూటని ఎడమ చేతి మీద పడుకోబెట్టుకుంది. మోచెయ్యి గోడకి తగిలింది. జరిగింది. మూట కాళ్ళవైపు ఇటు గోడకి తగిలింది. ఏటవాలుగా తిరిగింది. పాదాలు నేలకి ఆనలేదు, వేళ్ళ కొసలు మాత్రం ఆనాయి. ఒక్క నిమిషం అలాగే ఉండి లేచింది.

"బాగుంది బాబాయ్."

"బాగోలేదు," అన్నాడాయన. "చెప్పు."

ఆమె మూటని సర్దుకుంది. ఆయన కదల్లేదు. చివరికి మోచెయ్యి సంగతి ఒక్కటి చెప్పింది. తర్వాత పాదాలు. పాదం గట్టిగా ఆనకపోతే ఒడి పల్లమైపోతుంది, బిడ్డ జారుతుంది. ఆ తర్వాత తలుపులో అద్దం. చేతిలో బిడ్డ ఉంటే నెత్తి మీది గడియ ఎలా వెయ్యాలి. సంచి ఎక్కడ పెట్టాలి. వెంట రెండేళ్ళ పెద్దపిల్ల కూడా ఉంటే ఆ పిల్ల ఎక్కడ నిలబడాలి. ఒకసారి మొదలయ్యాక మాటలు వాటంతట అవే వచ్చేశాయి. ఉన్నట్టుండి ఆగిపోయి, మీ పనికి వంక పెట్టాలని కాదు బాబాయ్, అంది.

ఆయన చెవి మీది పెన్సిలు తీశాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. ఆమె చెబుతుంటే ప్యానెల్ మీది ప్లాస్టిక్ కవరు మీద ఒక చెయ్యి బొమ్మ గీసి పక్కన అంకె వేశాడు, ఒక పాదం గీసి అంకె వేశాడు, గడియ గీసి అంకె వేశాడు. అక్షరాల కంటే ఆయనకి అవే దగ్గర.

ఆమె వెళ్ళాక రేడియో నెత్తి గోక్కున్నాడు. డ్రాయింగు మనది కాదు, కొలత మనది కాదు, మధ్యలో మనకెందుకు బావా, అన్నాడు. పెద్దమేస్త్రి వర్క్‌షాపు యజమానికి ఫోను చేశాడు. నాలుగు ముక్కల్లో చెప్పాడు. అవతలి నుంచి నలభై ముక్కలు వచ్చాయి. అప్పగింత కాగితం మీద సంతకాలు పడితే ఏమైనా చేసుకో, పడకపోతే మాత్రం నా గుమ్మం తొక్కకు, అన్నది చివరి ముక్క.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, భార్య కూరగాయలు తరుగుతున్న చోటికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో టేపు ఉంది.

ఆవిడ ఆ టేపుని చూసింది. "వంటిల్లు గానీ కూలగొడతావా ఏంటి?"

పిల్లలకి పాలిచ్చేటప్పుడు ఎలా కూర్చునేదానివని ఆయన అడిగాడు.

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. మొగుడి మొహం చూసి, హాస్యం కాదని అర్థమయ్యాక, అప్పుడు నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "నలుగురిని కన్నాక, నలుగురికీ పెళ్ళిళ్ళయ్యాక అడుగుతున్నావా? మా తమ్ముడు వింటే రేపటికి ఊరంతా మోగిపోతుంది."

"గది సరిపోవడం లేదు," అన్నాడాయన.

ఆవిడ చేతులు తుడుచుకుని, ఒక దిండు తెచ్చుకుని, గోడకి జారబడి కూర్చుంది. దిండు ఎడమ చేతి మీదికి వచ్చింది. ఎన్నేళ్ళయినా ఆ చేతికి దారి తెలుసు. మోచెయ్యి దానంతట అదే బయటికి జరిగింది. ఒక మోకాలు కొంచెం పైకి లేచింది. తల వంగింది. ఆయన పక్కన గొంతుక్కూర్చుని మోచేతి నుంచి దిండు కొసదాకా కొలిచాడు. ముప్పై ఎనిమిది అంగుళాలు. తన గది లోపలి వెడల్పు ముప్పై రెండు.

నేల నుంచి తొడదాకా కొలిచాడు. ఖాళీగా ఉన్న కుడిచెయ్యి ఎక్కడిదాకా అందుతుందో చాపమని అడిగి, అదీ కొలిచాడు. ఆవిడ చెయ్యి గాలిలో అలాగే ఉంచి, ఇంకా పైకా, కిందకా, అంటూ ఆట పట్టించింది.

అప్పుడు ఎక్కడ కూర్చుని ఇచ్చేదానివి, అని అడిగాడు.

"ఎక్కడని చెప్పను? ఎక్కడ నలుగురు లేకపోతే అక్కడ. నువ్వు పనిచేసే చోటికి అన్నం పట్టుకొచ్చినప్పుడు ఇసక గుట్ట వెనక. బస్సులో కిటికీ వైపు తిరిగి. మూడోదానికి ఎక్కువగా సిమెంటు బస్తాల మీదే." ఆవిడ దిండు పక్కన పెట్టింది. "ఎవరైనా వస్తే లేచేదాన్ని. వెళ్ళాక కూర్చునేదాన్ని. అంతే కదా."

తను ఎన్ని కేబిన్లు కట్టాడో ఆయనకి లెక్క లేదు. ఆ ఇసక గుట్టలకి ఇవతల వైపు నిలబడే కట్టాడు. టేపు కొస చేతిలోంచి జారి గుయ్యిమని లోపలికి వెళ్ళిపోయింది.

"ఇన్నాళ్ళూ..." అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏంటి?"

"ఏం లేదు."

ఆయన కత్తి అందుకుని మిగిలిన కూరగాయలు తరిగాడు. ముక్కలన్నీ ఒక్క కొలతలో వచ్చాయి. ఆవిడ పక్కనే కూర్చుని చూసింది గానీ, లెమ్మనలేదు.

మూడో రోజు పొద్దున్నే ఏడు గంటలకి అడ్డగోడ ఊడదీశారు. బోల్టు వదులు చేస్తే ప్యానెల్ గాడిలోంచి తేలిగ్గా పైకి వచ్చింది. ఇటుక గోడ అయితే సుత్తెలు పట్టాల్సి వచ్చేది. చేసిన తప్పుని దుమ్ము లేకుండా దిద్దుకోనిచ్చే పని చేతికి దొరికినందుకు పెద్దమేస్త్రి లోలోపల సంతోషించాడు. రెండు తలుపుల్లో ఒకటి తీసేసి, ఆ చోట అడ్డగోడ ప్యానెల్ ఒకటి నిలబెట్టాడు. మిగిలిన తలుపులో అద్దం తీసి రేకు బిగించాడు. గడియని నెత్తి మీదనుంచి దించి, కూర్చున్న మనిషి కుడిచెయ్యి చాపితే అందే చోట పెట్టాడు. బల్లలు రెండూ చెరో గోడకి పొడుగునా వేసి, పదిహేను అంగుళాలకి కోశాడు. బల్ల పక్కన సంచికి ఒక అర. మధ్యలో పెద్దపిల్ల నిలబడే చోటు. రెండు బల్లల నడుమ లాక్కుంటే వచ్చే తెర. బల్ల అంచుల మీద గరుకు కాగితం వేసి రుద్దాడు. చెంప ఆనించి చూసి, ఇంకోసారి రుద్దాడు.

పదకొండింటికి మేనేజరు వచ్చి నిర్ఘాంతపోయాడు. రెండు గదులని కాగితంలో ఉంది, ఇక్కడ ఒకటే ఉందేంటి, అన్నాడు.

"రెండు గదుల్లో ఒక్కరు కూడా కూర్చోలేరు సార్," అన్నాడు పెద్దమేస్త్రి. "ఒక గదిలో ఇద్దరు కూర్చుంటారు."

మేనేజరు లోపలికి వెళ్ళి బల్ల మీద కూర్చుని చూశాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఇదేం ఎత్తని అడిగాడు. రేడియో ఆపుకోలేక, మీ కోసం కట్టింది కాదు సార్, అనేశాడు. మేనేజరు లేచి, ప్యాంటు దులుపుకుని, పై ఆఫీసు పంపిన తాళం ఒకటి వాళ్ళ చేతికి ఇచ్చాడు. తలుపుకి బయటినుంచి బిగించాలి. తాళంచెవి తన దగ్గర ఉంటుంది. ఎవరికైనా కావాలంటే వచ్చి అడుగుతారు. రేపు మధ్యాహ్నానికి సంతకాలు కావాలి, ఇంక ఏ మార్పూ వద్దు, అని చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దమేస్త్రి డ్రిల్లు తిప్పకుండా, ఉలితోనే తలుపుకి నడుమెత్తున చిల్లు కొట్టి తాళం బిగించాడు. చెప్పిన పని కాబట్టి బిగించాడు.

శనివారం పొద్దున వెనక మెట్ల మీద పెట్టెలు ఒక్కటీ లేవు. కింద గుమ్మానికి అడ్డంగా గొలుసు వేశారు. పిల్లల బట్టల కౌంటర్ దగ్గర ఆ అమ్మాయి అరల్లో ఉన్నవన్నీ తీసి మళ్ళీ సర్దుతోంది, తన తర్వాత వచ్చేవాళ్ళకి సులువుగా దొరకాలన్నట్టు. పన్నెండు కావస్తుండగా మేనేజరు అప్పగింత కాగితం తెచ్చాడు. తన చోట తను సంతకం పెట్టాడు. పెద్దమేస్త్రి వంతు వచ్చింది. ఆయన పెన్ను పట్టుకుని కింది గీత దగ్గర ఆగిపోయాడు.

ప్రతి కాగితంలోనూ ఆ గీత ఉంటుంది. వాడి చూసినవారు, అని పక్కన అచ్చువేసి ఉంటుంది. మిగతా ఫిట్టర్లు అక్కడ ఏదో ఒక పేరు పడేస్తారు. ఆయన మాత్రం ప్రతి కేబిన్లోనూ తలుపు వేసుకుని పావుగంట కూర్చుని, అప్పుడే తన పేరు రాస్తాడు. తను రాయడం నేర్చుకున్న కొద్ది మాటల్లో తన పేరు ఒకటి.

"రాయండి పెద్దాయనా," అన్నాడు మేనేజరు.

"నేను వాడి చూడలేదు సార్."

మేనేజరుకి అర్థం కాలేదు. ఏదో ఒకటి రాసెయ్యమన్నాడు. మీరు వాడి చూసేదేంటి, అన్నాడు. పెద్దమేస్త్రి అదే కదా అన్నట్టు చూశాడు. ఆ అమ్మాయి మొన్న మూట పెట్టుకుని కూర్చుందిగా బావా, ఆ పిల్ల పేరు రాసెయ్, అని రేడియో అందించాడు.

"గుడ్డల మూటకి ఆకలేస్తుందా?" అన్నాడు పెద్దమేస్త్రి. పెన్ను మూత పెట్టి కాగితం మీద ఉంచాడు. కోపం లేదు, పంతం లేదు. గోడ వాలుగా ఉంటే బోల్టు బిగించనట్టు, అంతే.

మేనేజరు గడియారం చూశాడు. మూడో అంతస్తంతా కలియజూశాడు. కొనేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. ఎవరి చంకలోనూ బిడ్డ లేదు. అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుని, మెట్ల దారి మూసేయడంతో ముందు గుమ్మం నుంచి రావాల్సి వచ్చిన పెద్దావిడ, బిడ్డని ఎత్తుకుని బెదురుగా బయటికి వచ్చింది. బిడ్డ ఏడుపు ఆవిడ కంటే ముందు వచ్చింది. ఆ అమ్మాయి పరుగున వెళ్ళి బిడ్డని తీసుకుంది. తీసుకుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడింది.

మేనేజరు మెడ రాసుకున్నాడు. చెవిలో వైరు తీసేశాడు. ఆమె దగ్గరికి వెళ్ళి, నువ్వు ఒకసారి లోపల కూర్చుంటే పెద్దాయన సంతకం పెడతాడట, కొంచెం సాయం చెయ్యమ్మా, అన్నాడు.

ఆమె గది వైపు చూసింది. బిడ్డని భుజం మార్చుకుంది.

"ఈ ఒక్క రోజుకా సార్?"

"ముందు ఇవాళ్టి సంగతి చూడు."

"ఒక్క రోజుకైతే వద్దు సార్." ఆమె బిడ్డని గుండెకి హత్తుకుంది. "ఇవాళ అలవాటు చేసి, రేపు దీనికి నేనేం చెప్పను?"

మేనేజరు ఎంతసేపు నిలబడ్డాడో, బిడ్డ ఏడుపుకి అదంతా ఇంకా పొడుగయింది. ఆయన ఒకసారి కాగితాన్ని చూశాడు, ఒకసారి బిడ్డ పిడికిళ్ళని చూశాడు. చివరికి జేబులోంచి తాళంచెవి తీశాడు.

"రోజూ కూర్చో. పై వాళ్ళకి నేను చెప్పుకుంటాను." తాళంచెవి ఆమె వైపు చాపాడు. "పనయ్యాక తెచ్చి నాకివ్వు."

ఆమె చెయ్యి చాపలేదు.

"అది మీ దగ్గర ఉంటే రోజూ వచ్చి మిమ్మల్ని అడగాలి కదా సార్. నేనే కాదు, వచ్చే ప్రతి తల్లీ. ఏడ్చే బిడ్డతో వచ్చి, ఇంతమందిలో, ఒక మగాయన్ని తాళం అడగాలి." ఆమె తల వంచుకుంది. "లోపల గడియ ఉంది. బాబాయ్ అందేట్టు పెట్టాడు. అది చాలు సార్."

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. తను ఆ తాళంచెవి ఇవ్వడం, తీసుకోవడం, బహుశా అప్పుడే ఆయన కళ్ళముందు కనపడింది. పెద్దమేస్త్రి వైపు తిరిగి, తీసెయ్యండి, అన్నాడు.

నాలుగు స్క్రూలు. పెద్దమేస్త్రి అంత త్వరగా ఏ తాళమూ ఊడదీయలేదు. మొన్న భార్య దగ్గర తీసుకున్న కొలతలన్నీ పెట్టాడు, ఈ అమ్మాయి చెప్పినవన్నీ గీసుకున్నాడు, అయినా ఈ తాళం తప్పని తనకి తట్టలేదు. తట్టినవాళ్ళు చెప్పారు. చెప్పేవాళ్ళు ఉండటం ఎంత అదృష్టమో అని ఆయనకి అనిపించింది.

తాళం చేతిలోకి వచ్చింది. తలుపులో రెండు వేళ్ళు దూరేంత చిల్లు మిగిలింది. వంగి కన్ను పెట్టి చూశాడు. ఎదురుగా బల్ల కనపడుతోంది. రేడియోని కింద బండిలోంచి చెక్క బిరడా తెమ్మని పంపించాడు. బిడ్డ ఆగేట్టు లేదు. గొంతు బొంగురుపోయింది.

"వెళ్ళు తల్లీ," అన్నాడు.

ఆ అమ్మాయి చిల్లుని చూసింది, ఆయన్ని చూసింది. పెద్దమేస్త్రి తలుపుకి వీపు చేసి నిలబడి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి చూపించాడు. ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు పడింది. గడియ పడింది. ఆయన అరచేత్తో చిల్లుని పూర్తిగా కప్పాడు.

ఏడుపు ఒక్కసారిగా తెగిపోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆయన ఎదుటి గోడని చూస్తూ నిలబడ్డాడు. పెద్దావిడ తువ్వాలు మడత పెట్టి భుజాన వేసుకుని, ఆ చేతులతో ఏం చెయ్యాలో తెలియనట్టు, కాసేపటికి ఒక కుర్చీ చూసుకుని కూర్చుంది. కౌంటర్ దగ్గర ఎవరో ఒక గౌను పట్టుకుని, ఇందులో ఆర్నెల్ల సైజు ఉందా అని అడుగుతున్నారు. మేనేజరు అటు వెళ్ళాడు. వెతికాడు, దొరకలేదు, ఇంకో అర తెరిచాడు. వాళ్ళు వద్దన్న గౌను మడత పెట్టబోయి, చేతులు ఎటు పోవాలో తెలియక ఉండలా చుట్టి పెట్టాడు.

రేడియో బిరడా, సుత్తీ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. "జరుగు బావా, రెండు దెబ్బలు వేస్తే పోతుంది."

పెద్దమేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"పోనీ టేపు అతికిద్దాం. చెయ్యి నొప్పి పుట్టడం లేదూ?"

"లాగితే చప్పుడు," అన్నాడాయన, పెదవులు కదిలీ కదలనట్టు. రేడియో సుత్తిని నేల మీద మెల్లగా, పువ్వుని పెట్టినట్టు పెట్టాడు.

అంతలో లిఫ్టులోంచి ఇంకొకావిడ దిగింది. ఒక చేతిలో సంచులు, ఒక చేతిలో చిన్న బిడ్డ. ఆ బిడ్డా చొక్కా చీకుతూ మొహం చిట్లిస్తోంది. ఇక్కడ పాలిచ్చే గది ఉందట కదా అని అడిగింది. లోపల మనిషి ఉంది, కాసేపు కూర్చోమ్మా, అని పెద్దమేస్త్రి అంటుండగా వెనకనుంచి, తలుపుకి అవతలినుంచి, ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"రమ్మనండి బాబాయ్. ఇంకో బల్ల ఉంది. నేను తెర లాక్కుంటా."

గడియ తీసిన చప్పుడయింది. పెద్దమేస్త్రి చెయ్యి తీసి, పక్కకి జరిగి, తల తిప్పుకున్నాడు. రేడియో సంచులు అందుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళింది. ఇద్దరాడవాళ్ళు ఏదో అనుకుని మెల్లగా నవ్వుకోవడం వినపడింది. మళ్ళీ గడియ పడింది.

పెద్దమేస్త్రి తలుపుకి వీపు చేసి నిలబడ్డాడు. ఈసారి కుడి చెయ్యి వెనక్కి పెట్టి, అరచెయ్యి చిల్లు మీద ఆనించాడు.